ఎమ్మార్సీపీ ఒక్కసారి తీస్తే సరిపోయేలా చెయ్యండి

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గార్లకి, ఆఫీసర్లకి, ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్ గార్లకి, అలాగే రేడియాలజీ, సర్జరీ, గ్యాస్ట్రో డాక్టర్లందరికీ నమస్కారం.

నేను ఎమ్మారై టెక్నీషియన్‌ని, ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్నా. ఊరి పేరూ సెంటర్ పేరూ రాయట్లేదు ఎందుకంటే నేను చెప్పేది ఏదో ఒక్క చోట జరిగేది కాదు, వేరే జిల్లాల్లో ఇదే పని చేసే వాళ్లతో మాట్లాడినా ఇవే మాటలు వినపడతాయి. అడిగేది ఒక్కటే. కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురదతో గీరుకుంటూ మా టేబుల్ మీదకొచ్చి పడుకునే మనిషికి ఎమ్మార్సీపీ, అంటే లివర్, పాంక్రియాస్ గొట్టాలని ఎమ్మారైలో చూసే స్కాన్, ఒక్కసారి తీస్తే చాలు అనేలా ఏర్పాటు చెయ్యండి. టైముకి తియ్యాలి, సరిగ్గా తియ్యాలి, తీసింది ఆ మనిషితో పాటు ఏ ఆసుపత్రికి వెళ్లినా పనికి రావాలి. ఇప్పుడు ఈ మూడూ జరగట్లేదు. చాలామంది ఇక్కడొకసారి తీయించుకుని, హైదరాబాదో వైజాగో విజయవాడో వెళ్లి అక్కడ మళ్లీ తీయించుకుంటున్నారు, ఈ లోపు రక్తంలో బిలిరుబిన్, అంటే కళ్లు పచ్చబడేలా చేసే పదార్థం, పెరుగుతూ పోతోంది.

తెలియని వాళ్లు కూడా ఈ లెటర్ చదువుతారు కాబట్టి ముందు ఇదేంటో చెప్తా. లివర్‌లో తయారయ్యే పసరు, అంటే పైత్యరసం, సన్నటి గొట్టాల ద్వారా కిందకొచ్చి, గాల్ బ్లాడర్‌లో కొంత నిలవుండి, సీబీడీ అనే పెద్ద గొట్టం గుండా చిన్న పేగులోకి దిగుతుంది. ఆ గొట్టంలో రాయి అడ్డం పడ్డా, గొట్టం కుంచించుకుపోయినా, పాంక్రియాస్ తల దగ్గర గడ్డ వచ్చి నొక్కినా పసరు వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది, అప్పుడు కామెర్లు వస్తాయి. ఈ కామెర్లలో మూత్రం ముదురు రంగులోకి వస్తుంది, మలం సున్నం కలిపిన మట్టి రంగులోకి మారుతుంది, దురద రాత్రిళ్లు నిద్ర పోనివ్వదు. మన దగ్గర కళ్లు పచ్చబడగానే మొదట పరిగెత్తేది ఆకు పసరు మందుకి. కొన్ని ఊళ్లలో చేతి మీద వాత పెడతారు, ఉప్పూ నూనె లేకుండా పథ్యం పెడతారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పేరు పసరు మందుకి పోతుంది, తప్పు జనానిది అని నేను అనను, వాళ్లు కళ్లతో చూసిందే నమ్ముతున్నారు. కానీ గొట్టం మూసుకుపోయిన కామెర్లు అలా తగ్గవు. మా దగ్గరికి వచ్చేసరికే రెండు మూడు వారాలు పసరు మందు దగ్గర పోయి ఉంటాయి, చేతి మీద వాత ఇంకా మానకుండా ఉంటుంది. అందుకే ఆశా వర్కర్లకీ ఏఎన్ఎంలకీ ఈ మూడు గుర్తులు నేర్పించండి. దురద, మట్టి రంగు మలం, ముదురు మూత్రం. ఈ మూడూ ఉంటే పసరు మందు కాదు, అల్ట్రాసౌండ్ కావాలి అని ఊళ్లోనే చెప్పగలిగితే సగం టైము అక్కడే మిగులుతుంది.

అల్ట్రాసౌండ్ మంచి టెస్టు, చవక, గాల్ బ్లాడర్‌లో రాళ్లని చక్కగా పట్టేస్తుంది. కానీ సీబీడీ కింది భాగం పేగు వెనక ఉంటుంది, పేగులో గ్యాస్ ఉంటే అక్కడ ఏముందో కనపడదు. అందుకే చాలా రిపోర్టుల్లో సీబీడీ వెడల్పు పన్నెండు మిల్లీమీటర్లు, కింది కొస గ్యాస్ వల్ల కనపడలేదు అని రాసి ఆపేస్తారు. మామూలుగా ఆరేడు మిల్లీమీటర్లు ఉండాల్సిన గొట్టం పన్నెండు అయ్యిందంటే కింద ఏదో ఉందనే కదా. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్న వాళ్లలో నూటికి పది మందికో ఇంకా కాస్త ఎక్కువ మందికో ఈ సీబీడీలో కూడా రాయి ఉంటుంది, ఎవరికి ఉందో తెలియకుండా గాల్ బ్లాడర్ తీసేస్తే తర్వాత మళ్లీ కామెర్లతో వెనక్కి వస్తారు.

ఒకప్పుడు గొట్టం లోపల చూడాలంటే ఈఆర్సీపీ చెయ్యాల్సిందే, అంటే నోట్లోంచి స్కోపు చిన్న పేగు దాకా దింపి, గొట్టం మూతిలోకి సన్నటి ట్యూబు పెట్టి, మందు ఎక్కించి ఎక్స్‌రే తియ్యడం. 1968లో అమెరికాలో మొదలైంది, 1974లో జర్మనీలోనూ జపాన్‌లోనూ గొట్టం మూతిని కోసి రాయి తీయడం కూడా మొదలుపెట్టారు, ఆ రోజు నుంచి అది వైద్యం కూడా అయ్యింది. గొప్ప పద్ధతే, కాదనను, ఇవాళ్టికీ రాయి తియ్యాలన్నా స్టెంట్ వెయ్యాలన్నా అదే దిక్కు. కాకపోతే అది చేయించుకున్న వాళ్లలో నూటికి ముగ్గురి నుంచి పదిమంది దాకా పాంక్రియాస్ వాపు వస్తుంది, అరుదుగా రక్తస్రావం, పేగుకి చిల్లు పడటం కూడా ఉన్నాయి. కాబట్టి ఊరికే లోపల ఏముందో చూడటానికి మాత్రం స్కోపు దింపకూడదు అనేది ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. ఆ మాట అనగలిగేలా చేసింది ఎమ్మార్సీపీనే. 1991లో జర్మన్ డాక్టర్లు మొదటిసారి దీని గురించి పేపర్ రాశారు.

ఇందులో స్కోపు లేదు, రేడియేషన్ లేదు, మామూలు ఎమ్మార్సీపీకి ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. కదలకుండా నిలవున్న నీటి నుంచి వచ్చే సిగ్నల్ చాలాసేపు ఉంటుంది, లివర్, కొవ్వు, కండరాల సిగ్నల్ తొందరగా ఆరిపోతుంది. మేము మెషీన్‌ని ఆ మిగతావన్నీ ఆరిపోయేదాకా ఆగి అప్పుడు సిగ్నల్ వినమని పెడతాం, అంతే, చుట్టూ అంతా నల్లబడి పసరు గొట్టాలూ పాంక్రియాస్ గొట్టమూ తెల్లగా వెలుగుతూ మిగులుతాయి. మనిషి ఒంట్లో ఉన్న పసరే మందు లాగా పనిచేస్తుందన్నమాట. ఆ తెల్లటి దాంట్లో రాయి నల్ల నువ్వుగింజలా కనపడుతుంది. కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లకి ఎమ్మారైలో ఇంజెక్షన్‌గా ఎక్కించే గాడోలినియం మందు ఇవ్వాలా వద్దా అని డాక్టర్లు ఆలోచిస్తారు కదా, ఇక్కడ ఆ భయమే లేదు. గర్భిణికి రాయి అడ్డం పడితే అల్ట్రాసౌండ్‌లో తేలనప్పుడు రేడియేషన్ లేకుండా చూడటానికి ఇది పనికొస్తుంది. లివర్‌లో కొంత భాగం దానం చేసే మనిషికి గొట్టాలు ఎలా చీలి ఉన్నాయో ముందే తెలిసేదీ, పుట్టుకతో గొట్టం ఉబ్బిన పిల్లలకి ఆపరేషన్ ప్లాన్ చేసేదీ దీనితోనే.

ఇంత మంచి టెస్టు ఎందుకు చెడిపోతోందో ఇప్పుడు చెప్తా, ఇదే అసలు విషయం.

మొదటిది ఊపిరి. ఎమ్మార్సీపీ బొమ్మలో సగం మెషీన్ తీస్తే సగం పేషెంట్ తీస్తాడు అని నేను కొత్తగా వచ్చే పిల్లలకి చెప్తుంటా. కొన్ని బొమ్మలు కొన్ని సెకన్లు ఊపిరి బిగపడితే వచ్చేస్తాయి, కానీ ముఖ్యమైన త్రీడీ బొమ్మ మాత్రం పేషెంట్ ఊపిరి తీసే లయని పట్టుకుని, ఊపిరి వదిలి ఆగిన ఆ కాసేపట్లోనే కొద్దికొద్దిగా తీస్తుంది. నిమ్మళంగా ఒకే తీరుగా ఊపిరి తీసే మనిషికి నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది, భయపడి ఎగశ్వాస తీసే మనిషికి రెట్టింపు పడుతుంది, అయినా గొట్టాలు రెండేసి గీతలుగా మసగ్గా వస్తాయి. ఆ మసకలో మూడు మిల్లీమీటర్ల రాయి ఎక్కడ కనపడుతుంది చెప్పండి. పెద్దవయసు రైతు, పుట్టాక ఎప్పుడూ ఇంత ఇరుకు గొట్టంలో పడుకోలేదు, పైనుంచి డబడబ మోత, హెడ్‌ఫోన్‌లో ఇంగ్లీషులో బ్రీత్ ఇన్, బ్రీత్ అవుట్, హోల్డ్ అని రికార్డు వాయిస్. ఆయనకి ఏం అర్థమవుతుంది? చాలా మెషీన్లలో వాయిస్ మనం రికార్డు చేసుకునే వీలుంది. గాలి తీసుకోండి, వదలండి, అలాగే ఆగండి అని తెలుగులో, ఉర్దూ మాట్లాడే చోట ఉర్దూలో, ఏజెన్సీలో అయితే గోండి, కోయ మాట్లాడే మనిషితో చెప్పించి పెట్టించండి. పైసా ఖర్చు లేదు. టేబుల్ ఎక్కించే ముందు ఐదు నిమిషాలు బయట కుర్చీలో కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించే టైము మాకివ్వండి, గంటకి ఇన్ని స్కాన్లు అని లెక్క పెట్టే చోట ముందు పోయేది ఆ ఐదు నిమిషాలే.

రెండోది కడుపు. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకుండా తాగకుండా రావాలి, అప్పుడే గాల్ బ్లాడర్ నిండుగా ఉంటుంది, పొట్టలో పేగులో నీళ్లు తక్కువుంటాయి. పొట్టలో నీళ్లుంటే అవీ తెల్లగానే వెలుగుతాయి కాబట్టి సరిగ్గా సీబీడీ మీద పడి అంతా కప్పేస్తాయి. టీ తాగొస్తారు, దార్లో కొబ్బరి నీళ్లు కామెర్లకి మంచిదని తాగొస్తారు, ఎవరూ చెప్పలేదు మరి. కొన్ని సెంటర్లలో స్కాన్‌కి ముందు పైనాపిల్ జ్యూస్ తాగిస్తారు, అందులో ఉండే మాంగనీస్ వల్ల పొట్టలో నీళ్లు నల్లబడి గొట్టం ఒక్కటే తెల్లగా తేలుతుంది. ఖరీదైన మందు కొనక్కర్లేదు, రోడ్డు మీద దొరికే పండు. షుగర్ ఉన్నవాళ్లని మాత్రం పొద్దున్నే మొదటి నంబర్లో పెట్టండి, ఇన్సులిన్ చేసుకుని మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో కూర్చుని షుగర్ పడిపోయే వాళ్లు ఉంటారు, పైగా వాళ్లకి ఈ జ్యూస్ ఇవ్వాలా వద్దా అనేది డాక్టరు చెప్పాలి.

మూడోది ఒంటి మీద లోహం. ఎమ్మారై అయస్కాంతం రాత్రీ పగలూ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్కాన్ నడవకపోయినా లాగుతుంది. 2018 జనవరిలో ముంబైలో ఒక ఆసుపత్రిలో పేషెంట్‌తో వచ్చిన బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్లి ప్రాణమే పోగొట్టుకున్నాడు, ఆ సంగతి దేశమంతా తెలుసు. గుండెలో పేస్‌మేకర్, తలలో క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్ ఉన్నాయా అని బుకింగ్ టైములోనే అడగాలి, మా గుమ్మం దగ్గర కాదు. ఇక మన ఆడవాళ్ల పిన్నీసులు, మొలతాడుకి కట్టిన తాయెత్తులు, మెట్టెలు, మంగళసూత్రం. అప్పటికప్పుడు సూత్రాలు తియ్యమంటే ఏ ఇల్లాలైనా కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, అత్తగారు ఒప్పుకోదు, కొంతమంది స్కానే వద్దని వెళ్లిపోతారు కూడా. అదే ముందు రోజు చెప్తే ఇంటి దగ్గరే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని, సూత్రాలు దేవుడి దగ్గర పెట్టి ప్రశాంతంగా వస్తారు. వచ్చిన మనిషి మనసు నిమ్మళంగా ఉంటే ఊపిరి కూడా నిమ్మళంగా ఉంటుంది, బొమ్మ కూడా బాగా వస్తుంది, ఇదంతా ఒకదానికొకటి ముడిపడి ఉంది.

ఇవన్నీ ఒక చిన్న తెలుగు చీటీలో పట్టేస్తాయి. డిపార్ట్‌మెంట్ తరఫున ముద్ర వేసి అన్ని ప్రభుత్వ ఆసుపత్రులకీ పంపించండి, ఎమ్మార్సీపీ రాసిన ప్రతి డాక్టరూ ఓపీ చీటీకి దాన్ని పిన్ చేసి ఇవ్వాలి, చదువు రాని వాళ్లకి నర్సమ్మ చదివి చెప్పాలి.

ఇప్పుడు డాక్టర్లకి ఒక మాట. మీరు పంపే చీటీ మీద ఎమ్మార్సీపీ అని ఒక్క ముక్క ఉంటుంది. గాల్ బ్లాడర్ ఎప్పుడైనా తీశారా, స్టెంట్ ఉందా, బిలిరుబిన్ ఎంత, అల్ట్రాసౌండ్‌లో ఏముంది, జ్వరం ఉందా, ఏమీ ఉండవు. ఈఆర్సీపీ అయిపోయి స్టెంట్ వేశాక పంపిస్తే గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది, గాలి బుడగ కూడా నల్లగానే కనపడుతుంది, రాయా గాలా అని రేడియాలజిస్టు తల పట్టుకోవాలి. పాత ఆపరేషన్ క్లిప్పు పక్కన గొట్టం తెగిపోయినట్టు కనపడుతుంది, నిజానికి ఏమీ ఉండదు. లివర్‌కి వెళ్లే ధమని అడ్డంగా నొక్కినచోట కూడా గొట్టం కుంచించుకుపోయినట్టు అనిపిస్తుంది. వెనక కథ తెలిస్తేనే ఇవి విడదీసి చెప్పగలరు. గడ్డ ఉందని అనుమానం ఉంటే ఆ ముక్క రాయండి, అప్పుడు అదే సిట్టింగ్‌లో లివర్, పాంక్రియాస్ బొమ్మలు, అవసరమైతే ఇంజెక్షన్‌తో సహా తీసేస్తారు, ఇంకోరోజు మళ్లీ పిలవాల్సిన పని ఉండదు.

అందరికీ ఎమ్మార్సీపీ రాయమని కూడా నేను అడగట్లేదు, అది కూడా అన్యాయమే. చలితో జ్వరం, కుడి డొక్కలో నొప్పి, కామెర్లు కలిసి ఉంటే లోపల చీము పట్టిందని అర్థం, ఆ మనిషిని మా లైనులో కూర్చోబెట్టకండి, నేరుగా ఈఆర్సీపీ చేసే చోటికి పంపండి. అల్ట్రాసౌండ్‌లోనే సీబీడీలో రాయి స్పష్టంగా కనపడినా, బిలిరుబిన్ నాలుగు దాటి గొట్టం కూడా ఉబ్బి ఉన్నా 2019లో అమెరికా ఎండోస్కోపీ డాక్టర్ల సంఘం ఇచ్చిన గైడ్‌లైన్ ప్రకారం నేరుగా ఈఆర్సీపీకే వెళ్లొచ్చు. లివర్ టెస్టులన్నీ నార్మల్‌గా ఉండి గొట్టం ఉబ్బకుండా ఉన్న చిన్నవయసు వాళ్లకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ ముందు ఇది అవసరం లేదు. మధ్యలో ఉన్న వాళ్లకి, అంటే టెస్టులు తేడాగా ఉండి రాయి ఉందో లేదో తేలని వాళ్లకి ఇది ప్రాణం. అక్కర్లేని వాళ్లని తగ్గిస్తేనే వీళ్లకి డేటు దొరుకుతుంది. ఇంకోటి, ఎమ్మార్సీపీలో ఏమీ లేదని వచ్చినా లక్షణాలు తగ్గకపోతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, అంటే స్కోపు లోపలికి దింపి దాని కొస నుంచి తీసే అల్ట్రాసౌండ్, గురించి ఆలోచించండి, బాగా చిన్న రాళ్లని మా బొమ్మ వదిలేయొచ్చు, అందులో అవి బాగా తెలుస్తాయి.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే సంగతి ఫిల్ములు. మేము తీసిన వంద పైచిలుకు సన్నటి ముక్కల్ని, అంటే ఒంటిని పలచగా కోసి చూసినట్టుండే బొమ్మల్ని, కంప్యూటర్ కలిపి ఒక బొమ్మ చేస్తుంది, చెట్టు కొమ్మల్లా గొట్టాలన్నీ ఒకే చోట తెల్లగా కనపడతాయి, చూడ్డానికి చాలా బాగుంటుంది, అదే ఫిల్ము మీద ప్రింట్ చేసి ఇచ్చేస్తారు. కానీ ఆ కలిపిన బొమ్మలో బాగా తెల్లగా ఉన్న చుక్కే పైకి వస్తుంది, కాబట్టి చుట్టూ పసరు ఉన్న చిన్న రాయి అందులో మునిగిపోతుంది, రాయి దొరికేది ఆ సన్నటి ముక్కల్లోనే. ఆ ముక్కలు పేషెంట్ చేతికి రావు. ఇక్కడ నుంచి హైదరాబాద్ వెళ్తే అక్కడి డాక్టరు ఫిల్ము లైటు మీద పెట్టి చూసి, దీనితో నేనేం చెప్పలేను, మళ్లీ తీయించండి అంటారు. ఆయన తప్పు కాదు, నిజంగానే చెప్పలేరు. పేషెంట్ కొడుకు మాత్రం ఇక్కడోళ్లు మోసం చేశారు అనుకుంటాడు. సీడీ అడిగితే విడిగా డబ్బులు కట్టమన్న చోట్లు నాకు తెలుసు, పాత డేటా డిలీట్ అయిపోయింది అన్న చోట్లూ తెలుసు. ఆ బొమ్మలు పేషెంట్‌వి, ఆయన ఒంటివి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు సెంటరైనా ఎమ్మార్సీపీ తీస్తే మొత్తం ముక్కలతో సీడీ గానీ లింకు గానీ రిపోర్టుతో పాటే ఉచితంగా ఇవ్వాలని ఆర్డర్ ఇవ్వండి. ఇది ఒక్కటి చేసినా రిపీట్ స్కాన్లు బాగా తగ్గుతాయని నేను గట్టిగా నమ్ముతున్నా.

డబ్బు సంగతి మీకు తెలియనిది కాదు. బయట ఊరిని బట్టి సెంటర్‌ని బట్టి నాలుగైదు వేల నుంచి పదివేల దాకా అవుతుంది, కూలి చేసుకునే ఇంటికి అది ఒకసారే కష్టం, రెండోసారి అంటే చెవిదిద్దులు తాకట్టుకి పోతాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన దగ్గర్నుంచీ మన దగ్గర ఆపరేషన్ ఖర్చుకి కార్డు ఉందన్న ధైర్యం ఉంది, పేర్లు మారినా రెండు రాష్ట్రాల్లోనూ ఆ ధైర్యం నిలబడింది, అది చిన్న విషయం కాదు. కానీ ఆపరేషన్ కావాలా వద్దా అని తేల్చే ఈ స్కాన్ దగ్గర మాత్రం చాలామంది జేబులోంచే కడుతున్నారు. ఏది కార్డు కిందకి వస్తుంది, ఏది రాదు, ముందు కడితే తిరిగి వస్తుందా, ఇది ఆసుపత్రి గోడ మీద తెలుగులో రాసి పెట్టించండి. హైదరాబాద్‌లో ఈఆర్సీపీ నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు వస్తారు, ఆ విద్యలో ప్రపంచానికి పేరున్న డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు, తెలుగువాళ్లుగా మనకి గర్వం. అంత గొప్ప వైద్యం మన దగ్గరే ఉన్నప్పుడు దానికి ఒక్క మెట్టు ముందుండే స్కాన్ దగ్గర జిల్లా మనిషి తిరిగి తిరిగి అలిసిపోకూడదు.

మెషీన్లు తక్కువున్నాయి, తలనొప్పి, నడుం నొప్పి స్కాన్లతోనే లైను నిండిపోతుంది, నాకు తెలుసు, ఆ లైను నడిపేది మేమే. అందుకే కొత్త మెషీన్ అడగట్లేదు. ఉన్న మెషీన్ మీదే రోజూ పొద్దున మొదటి రెండు నంబర్లు కామెర్ల పేషెంట్లకి వదిలెయ్యండి, ఖాళీ కడుపుతో రావాల్సింది వాళ్లే కాబట్టి అది వాళ్లకి కూడా సరిపోతుంది, వాళ్లు లేని రోజు ఆ నంబర్లు వేరేవాళ్లకి ఇచ్చుకోవచ్చు. ఎమ్మార్సీపీ రాసిన దగ్గర్నుంచి రెండు రోజుల్లో స్కాన్, ఆ మర్నాడు రిపోర్టు అని ఒక గడువు పెట్టండి.

సూపరింటెండెంట్ గారూ, ఈ లెటర్ చదివాక మీ ఎమ్మారై రూముకి వెళ్లి రిజిస్టర్ ఒకసారి తెప్పించుకోండి. ఎమ్మార్సీపీ అని రాసి ఉన్న పేర్లు తీసి, డాక్టరు రాసిన తేదీకీ స్కాన్ తీసిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో, ఎంతమంది ఖాళీ కడుపుతో రాలేదని వెనక్కి పోయారో, ఎన్ని మసకబారి మళ్లీ తీశారో, ఎంతమంది చేతికి సీడీ వెళ్లిందో చూడండి. ఆ నాలుగు లెక్కలూ నెలకోసారి జిల్లా కలెక్టర్ గారి రివ్యూ మీటింగ్‌లో పెట్టండి.

ఇట్లు,
ఒక ఎమ్మారై టెక్నీషియన్